పాట గ్రూపులో ఇరవై రూపాయలు

పోయిన నెల రెండో శనివారం రాత్రి మా పాట గ్రూపులో పాట జరగలేదు. గొడవ జరిగింది.

పాట గ్రూపు అంటే సంగీతం అనుకునేరు, కాదు. వేలంపాట. మా అపార్ట్‌మెంట్లో సి బ్లాకులో ఉండే అక్క మూడేళ్ళ క్రితం మొదలుపెట్టింది. అప్పుడు మా నాలుగు బ్లాకుల ఆడవాళ్ళం ఒక అరవైమందిమి. ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్లవాళ్ళు, వాళ్ళ తోడికోడళ్ళు, ఆడపడుచులు అందరూ చేరి ఏడొందలు దాటాం. ఇంట్లో వాడనివి, అమ్మాలనుకున్నవి ఫొటో తీసి శనివారం మధ్యాహ్నంలోగా అక్కకి పంపాలి. రాత్రి ఎనిమిదింటికి ఆవిడ ఒక్కొక్కటే నెంబరు వేసి గ్రూపులో పెడుతుంది. "7వ నెంబరు, దోసెల పెనం, పాట మొదలు 100." ఇక అక్కడినుంచి నూట ఇరవై, నూట యాభై, ఇన్నూరు. ఐదు నిమిషాలయ్యాక అక్క "ఒకటోసారి... రెండోసారి..." అని టైపు చేస్తుంది. ఆ మూడోసారికి ముందు పది సెకన్లలో ఎంత ఉత్కంఠో! మా ఇంట్లో శనివారం రాత్రి వంట ఏడున్నరకల్లా అయిపోతుంది. కాకపోతే ఆ రోజు ఉప్మాయే.

మర్నాడు పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో వస్తువు పెట్టేస్తాం. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళకి ఫోన్లో డబ్బు పంపేస్తారు. మధ్యలో ఎవరికీ ఒక్క పైసా ఇచ్చేది లేదు.

ఆ శనివారం ఎనిమిదింటికి ఫొటో బదులు ఒక మెసేజి వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఒక్కో వస్తువు పెట్టడానికి అమ్మేవాళ్ళు ఇరవై రూపాయలు పంపాలి. అంతే. ముందూ వెనకా ఏం లేదు.

ఇక చూడండి. "ఫ్రీ అని చెప్పే కదా చేర్చుకున్నారు?" అని ఒకరు. "ఇదేమైనా వ్యాపారమా?" అని ఇంకొకరు. ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా ఆ రాత్రి మాట్లాడారు. నలభైమంది దాకా అప్పటికప్పుడు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నేను కూడా ఊరుకోలేదు. "అక్కా, ఇరవై అంటే ఎక్కువేమో" అని పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

నేనెందుకు అలా అన్నానో ముందు చెప్పాలి. ఈ మూడేళ్ళలో నేను ఆ గ్రూపులో పంతొమ్మిది వేల చిల్లర సంపాదించాను. మా పెద్దాడి ఎంసెట్ పుస్తకాలు, కట్టకుండా బీరువాలో పడున్న పట్టు చీరలు రెండు, టేబుల్ టాప్ గ్రైండరు, చిన్నప్పటి సైకిలు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో నా చేత్తో నేను సంపాదించిన డబ్బు అదే. మావారు ఇంటి ఖర్చుకి ఎప్పుడూ లెక్క అడిగిన మనిషి కాదు. కానీ లెక్క అడగకపోవడం వేరు, చెప్పక్కర్లేకపోవడం వేరు. పోయినేడు మా అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక మంచి కళ్ళజోడు నేనే కొనిచ్చాను, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా. అలాంటి డబ్బులోంచి ఇరవై పోతుందంటే నాకు చురుక్కుమంది. అమ్ముడుపోకపోయినా ఇరవై పోతుంది కదా, అది ఇంకా మంట.

ఆ రాత్రి పడుకున్నాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో వారం వారం సంత జరిగేది. నాయనమ్మ గంపలో దోసకాయలు, నిమ్మకాయలు పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కేది. వేసవి సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. గోనెపట్టా పరిచి కూర్చోగానే ఆశీలు వసూలు చేసేవాడు చీట్ల పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. గంపకి అర్ధరూపాయి. ఇంకా బోణీ కూడా కాలేదురా అని నాయనమ్మ ప్రతివారం అనేది, వాడు ప్రతివారం నవ్వి చీటీ చింపి ఇచ్చేవాడు. వాడు వెళ్ళాక వాడి వంశాన్నంతా తిట్టేది. నిజానికి వాడు పంచాయితీ మనిషి కూడా కాదు. సంత ఆశీలు వసూలు చేసుకునే హక్కుని పంచాయితీ ఏటేటా పాట పెట్టేది, ఎక్కువకి పాడినవాడు ఏడాదంతా వసూలు చేసుకునేవాడు. అంటే సంతలో కూర్చోడానికి కట్టే డబ్బు కూడా ఒక వేలంపాటలోంచే వచ్చేదన్నమాట.

అంత తిట్టినా, ఒకసారి ఆ సంతకి అవతల రోడ్డు పక్కన కొందరు ఆశీలు లేకుండా దుకాణాలు పెడితే నాయనమ్మ అటు వెళ్ళలేదు. ఎందుకెళ్ళవని అడిగితే, "అక్కడ చెట్టు లేదు, నీళ్ళు లేవు, తక్కెడ తప్పని ఎవడైనా గొడవపడితే పంచాయితీ చెప్పేవాడు లేడు" అంది. ఆశీలువాడు ఎప్పుడైనా పంచాయితీ చెప్పాడా అంటే నాకు గుర్తులేదు. ఉన్నాడన్న ధైర్యం కావచ్చు.

మర్నాడు ఆదివారం టిఫిన్ల దగ్గర ఈ సంగతి మావాళ్ళతో చెప్పాను. మా పెద్దాడు ఇంజనీరింగు మూడో ఏడు. వాడికి ఇలాంటివి ఇష్టం. "అమ్మా, ఈబే కూడా అచ్చం మీ సి బ్లాక్ ఆంటీ లాగే మొదలైంది" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత నేనూ చదివాను, నిజమే. 1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అనే అతను ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఆక్షన్‌వెబ్ అని ఒక వేలంపాట సైటు పెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అందులో మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటరట, 14 డాలర్ల 83 సెంట్లకి. చెడిపోయింది తెలుసా అని అతనే అడిగితే, నేను చెడిపోయినవే సేకరిస్తాను అన్నాడట కొన్నాయన. జనం పెరిగేసరికి ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు నెలకి 30 డాలర్ల బిల్లుని 250 చేశారు. అప్పుడు తప్పక అమ్మేవాళ్ళ దగ్గర కొంత తీసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ ఇవ్వరేమో అనుకుంటే కవర్లలో చెక్కులు కుప్పలుగా వచ్చాయట. అదే తర్వాత ఈబే.

"చూశావా, అడిగితే ఇస్తారు" అన్నారు మావారు, ఇడ్లీ తుంచుకుంటూ.

"అందరికీ ఇవ్వరు నాన్నా" అన్నాడు వీడు. యాహూవాళ్ళు అమెరికాలో వేలంపాటలు ఉచితంగా నడిపి, 2001 జనవరిలో డబ్బు అడగడం మొదలుపెట్టారు. వారాల్లోనే సరుకు చాలావరకు ఖాళీ అయిపోయింది. ఎందుకంటే డబ్బే కట్టాలంటే కొనేవాళ్ళు ఎక్కువున్న ఈబేలోనే కడతారు కదా. చివరికి 2007లో అక్కడ ఆ సైటు మూసేశారు. తమాషా ఏమిటంటే అదే 2001లో జపాన్‌లో కూడా యాహూ డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ జనం ఎక్కడికీ పోలేదు, మరుసటి ఏడు ఈబేనే జపాన్ వదిలి వెళ్ళిపోయింది. ఎందుకంటే అక్కడ జనమంతా అప్పటికే యాహూలో ఉన్నారు. ఇంకో సంత ఉందా లేదా అన్నదే లెక్క. ఒక సంతే ఉంటే ఆశీలు కడతాం, తిట్టుకుంటూ అయినా.

చైనా సంగతి ఇంకోలా ఉంది. ఈబే అక్కడికి వెళ్ళిన మరుసటి ఏడు, 2003లో, అలీబాబావాళ్ళు టావ్‌బావ్ పెట్టి, అమ్మేవాళ్ళు మూడేళ్ళు పైసా ఇవ్వక్కర్లేదన్నారు. 2006 చివరికి ఈబే అక్కడ తన సైటు మూసుకుంది. మరి టావ్‌బావ్‌కి డబ్బు ఎక్కడిదంటే, తమ సరుకు పైన కనపడాలనుకున్న దుకాణాలవాళ్ళు ప్రకటనకి ఇచ్చేవాళ్ళు. అంటే అప్పట్లో కూర్చోడానికి ఉచితం, ముందు వరసలో కూర్చోవాలంటే డబ్బు.

మన దేశంలో కూడా బాజీ డాట్ కామ్ అని ఒకటి ఉండేది. మా పెళ్ళయిన కొత్తలో మావారు అందులో ఒక చేతిగడియారం కొన్నారు, ఇప్పటికీ బీరువాలో ఉంది. 2004లో దాన్ని ఈబే కొనుక్కుంది, 2018లో ఇక్కడి ఈబే కూడా మూతపడింది. ఇక పాత సామాన్లకి మనకి మిగిలినవి ఉచితంగా ప్రకటన పెట్టుకునే సైట్లు, ఫేస్‌బుక్కు, ఇదిగో ఇలాంటి గ్రూపులు.

ఉచితం అనగానే మా చెల్లెలి సంగతి చెప్పాలి. అది విజయవాడలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం డైనింగ్ టేబుల్ అమ్ముదామని అలాంటి ఉచిత సైటు ఒకదాంట్లో పెట్టింది. అరగంటలో ఫోను. మిలటరీలో పనిచేస్తున్నానండీ, బదిలీ మీద వస్తున్నాను, టేబుల్ నచ్చింది, బేరం కూడా ఆడను అన్నాడు. బేరం ఆడని మనిషిని చూసి మనం అనుమానపడాలా వద్దా! అడ్వాన్సు పంపుతానని ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో పడుతుందన్నాడు. ఇది కొట్టింది. పడలేదు, 8,500 పోయింది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి అన్న చిన్న సంగతి, ఎంకామ్ చదివిన నా చెల్లెలికి ఆ క్షణంలో తట్టలేదు. మరిదిగారికి వారం రోజులు చెప్పలేదు. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ సైటువాళ్ళకి రాస్తే, కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మధ్య లావాదేవీలతో తమకి సంబంధం లేదని జవాబొచ్చింది. న్యాయమే. నువ్వు వాళ్ళకి ఏమిచ్చావని వాళ్ళు నీకు పూచీ ఉంటారు?

అలాగని డబ్బు తీసుకునేవాళ్ళంతా పూచీ ఉంటారనీ కాదు. పెళ్ళిసంబంధాలకి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. కానీ డబ్బు తీసుకున్నవాణ్ణి కనీసం నిలబెట్టి అడగొచ్చు.

రైతుబజార్లు చూడండి. 1999లో పెట్టారు. రైతులు గుర్తింపు కార్డు చూపించి కూర్చోవడమే, కమిషన్ లేదు, అద్దె లేదు. మెహదీపట్నం రైతుబజారుకి నేను ఏళ్ళ తరబడి వెళ్ళాను. అక్కడ ధరల బోర్డు రాసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు ఉంటారు. రైతు ఇవ్వకపోతే వాళ్ళకి జీతం ఎక్కడిది? మార్కెట్ కమిటీ డబ్బులోంచి. ఆ కమిటీకి డబ్బు వేరే చోట సరుకు కొన్న వ్యాపారులు కట్టిన సెస్సులోంచి. అంటే ఉచిత సంతకి కూడా ఖర్చు ఉంది, కట్టేవాడు మన కంటికి కనపడడు, అంతే.

మా గ్రూపుకి కట్టేవాళ్ళెవరు?

ఈ ప్రశ్న నాకు ఇంట్లో కూర్చుంటే రాలేదు. మంగళవారం సి బ్లాకుకి వెళ్ళాను, గోంగూర పచ్చడి సీసాతో. నేనన్న మాటకి అక్క బాధపడిందేమోనని. తలుపు తీసి మామూలుగానే రమ్మంది. డైనింగ్ టేబుల్ మీద ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. మూడేళ్ళ పాటలన్నీ అందులో రాసుంది. తేదీ, నెంబరు, అమ్మింది ఎవరు, పాడింది ఎవరు, ఎంతకి, ఇచ్చేశారా. కొన్నిటి పక్కన ఎర్ర ఇంకుతో సున్నా. అదేంటక్కా అంటే, "వాళ్ళు పాడేసి తీసుకోనివాళ్ళు" అంది. మూడు నెలల్లో ఇరవై ఆరు ఎర్ర సున్నాలు. ప్రతి ఎర్ర సున్నాకి ఆవిడ పాడినావిడకి ఫోన్ చేసి, అమ్మినావిడకి నచ్చచెప్పి, రెండో పాట పాడినావిడని బతిమాలాలి. నేనున్న గంటలోనే నాలుగు ఫోన్లు వచ్చాయి. చీర రంగు ఫొటోలో ఒకలా ఉంది, ఇంట్లో ఒకలా ఉందని ఒకావిడ పావుగంట మాట్లాడింది. అక్క అమ్మినావిడా కాదు, కొన్నావిడా కాదు.

"ఇరవై రూపాయలు నాకు ఏ మూలకమ్మా" అంది, ఫోన్ పెట్టేసి. "మొన్న మా అబ్బాయి అడిగాడు, అమ్మా శనివారం అంతా దీనికే పోతుంది కదా, నీకేం వస్తుంది అని. ఏం చెప్పాలో తెలీలేదు."

నాకూ ఏం చెప్పాలో తెలీలేదు. నేను ఇదే బ్లాగులో ఒకటికి రెండుసార్లు రాశాను, ఇంటిపనికి లెక్క కట్టరు, అది ఊరికే జరిగిపోతుందనుకుంటారు, ఇల్లాలి టైముకి విలువ లేదు అని. మీలో చాలామంది నిజమే నిజమే అని రాశారు కూడా. అలాంటి నేను ఇంకో ఇల్లాలు మూడేళ్ళు చేసిన చాకిరీకి ఇరవై ఎక్కువేమో అని అందరిముందూ రాశాను. గోంగూర సీసా బల్ల మీద పెట్టి తల దించుకుని కూర్చున్నాను. క్షమించమని అడగలేదు, అడిగితే ఆవిడ ఇంకా ఇబ్బంది పడేది.

ఇవ్వాలన్నది ఆ రోజే తేల్చుకున్నాను. ఎలా ఇవ్వాలన్నదే ఇంకా చిక్కు.

వస్తువు పెట్టగానే ఇరవై అంటే అమ్ముడుపోకముందే పోతుంది. నాయనమ్మ బోణీ మాట. పైగా పదిహేను వందల చీరకీ ఇరవయ్యే, అరవై రూపాయల స్టీలు డబ్బాకీ ఇరవయ్యే. స్టీలు డబ్బాలు ఇక ఎవరూ పెట్టరు. మా వాచ్‌మెన్ భార్య ఆ డబ్బాలే కొంటుంది. ఫ్లాట్లలో వాళ్ళిచ్చిన పిల్లల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, జత యాభైకి మళ్ళీ అందులోనే అమ్ముతుంది. ఆమెకి ఇరవై అంటే దాదాపు సగం. కానీ దీనికో మంచి కూడా ఉంది. విరిగిన ప్లాస్టిక్ బకెట్టుని వరసగా ఐదు వారాలు పెట్టిన మహాతల్లి ఒకావిడ ఉంది మా గ్రూపులో, ఆవిడ మానేస్తుంది.

అమ్ముడుపోయాక వందకి ఇంత అని తీసుకోవడం ఇంకో పద్ధతి. చీటీ పాటలో ఉన్నదిదే. చీటీ నడిపే ఫోర్‌మన్‌కి చీటీ మొత్తం మీద కమిషన్. 1982 చట్టంలో అది నూటికి ఐదు దాటకూడదన్నారు, 2019లో ఏడు చేశారు. చీటీ పాడుకున్న ఏ ఆడమనిషీ ఆ కమిషన్ గురించి గొడవపడటం నేను చూడలేదు, ఎందుకంటే చీటీ మునిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కానీ మా గ్రూపులో ఒక లొసుగుంది. అందరం ఒకే లిఫ్టులో ఎక్కి దిగేవాళ్ళం. ఫొటో చూసి, పాట ఆపేయించి, "ఎందుకొదినా మధ్యలో కమిషను, నాకే ఇచ్చెయ్యండి" అని లిఫ్టులో బేరం తేల్చేసుకోవచ్చు. ఫొటో పెట్టిన కష్టం అక్కది, కమిషన్ సున్నా.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మళ్ళీ వెళ్ళాను. ఇద్దరం కూర్చుని రెండు గంటలు లెక్కలేశాం. ఇన్నూరు లోపు వస్తువుకి ఏమీ వద్దు. పైన అయితే, అమ్ముడుపోయాకే, అమ్మినావిడ వందకి మూడు ఇవ్వాలి. పాడేసి తీసుకోనావిడ యాభై కట్టేదాకా మళ్ళీ పాడకూడదు. ఈ చివరిది నా సలహా. ఎందుకంటే ఎప్పుడూ అమ్మేవాళ్ళనే అడుగుతారు గానీ, పాడి పారిపోయేవాళ్ళ వల్ల అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో వేస్తారు? లిఫ్టు బేరాలకి మందు లేదు. వాళ్ళ మనసుకి వదిలేద్దాం అంది అక్క. బకెట్టావిడకి కూడా మందు దొరకలేదు.

అందరూ ఒప్పుకోలేదు. బి బ్లాకులో ఇద్దరు కలిసి ఉచిత పాట గ్రూపు ఇంకోటి పెట్టారు, నూట నలభైమంది చేరారట. మా పెద్దాడు "అమెరికా యాహూనా, జపాన్ యాహూనా చూడాలి" అని నవ్వాడు. నేనూ అందులో చేరాను, దాపరికం ఎందుకు. మొదటి శనివారం ఒకేసారి అందరూ ఫొటోలు పెట్టేసరికి ఏ పాట దేనికో తెలీక, ఒక ప్రెషర్ కుక్కర్‌ని ముగ్గురు కొనేశారు. రెండో వారం కాస్త నయమట. వాళ్ళకీ ఎవరో ఒకరు నోటుబుక్కు పెట్టుకుని కూర్చునే ఉంటారు.

మొన్న శనివారం మా అత్తయ్యగారు తన పాత ఇత్తడి మరచెంబు పెట్టమన్నారు. కాశీకి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళిందట, ఇప్పుడు ఎవరు వాడతారు అన్నారు. నేను వద్దన్నాను. "అటక మీద కిలుం పట్టేకంటే ఎవరో ఒకరింట్లో ఉండనీ" అన్నారు. ఇదివరకు ఇలాంటివి స్టీలు సామాన్లవాడికి వేసేవాళ్ళం. వాడు కమిషన్ అడగడు నిజమే, నాలుగు పట్టుచీరలకి ఒక బేసిన్ ఇచ్చి వెళ్ళేవాడు.

పాట మూడొందల దగ్గర మొదలైంది. ఇద్దరు పట్టుబట్టారు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని నా పక్కనే కూర్చుని, ఎంతయింది ఎంతయింది అని అడుగుతూనే ఉన్నారు. పధ్నాలుగు వందల దగ్గర మూడోసారి పడింది. ఆవిడ ముఖం చూడాలి! పొద్దున చెంబు చింతపండుతో తోమి ఇచ్చాను. డబ్బు రాగానే అక్కకి నలభై రెండు రూపాయలు పంపాను.

మిగిలిన పదమూడు వందల యాభై ఎనిమిదీ అత్తయ్యగారి చేతిలో పెడితే రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. "పధ్నాలుగొందలన్నావు కదే?"

చెప్పాను.

"ఆ పిల్ల ఒక్కతే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుంటుందా?" అన్నారు కాసేపాగి. తర్వాత నోట్లు మడిచి పర్సులో పెట్టుకుని, అటక మీద ఇంకేమున్నాయో చూడమన్నారు.